ట్యాబ్‌లో ట్యాబ్, అందులో మాయమైన బటన్

ఎరువుల దుకాణం నడిపే తండ్రి కోసం, ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న కూతురు పైథాన్‌లో ఒక లెక్కల ప్రోగ్రాం రాసిందనుకుందాం. విండో తెరవగానే పైన మూడు ట్యాబ్‌లు: కొనుగోళ్లు, అమ్మకాలు, ఖాతాలు. ‘ఖాతాలు’ నొక్కితే లోపల ఇంకో మూడు: రైతులు, బాకీలు, జమలు. ‘జమలు’లో రైతు పేరు, కట్టిన మొత్తం రాసి ‘జమ చేయి’ అనే బటన్ నొక్కితే బాకీ తగ్గాలి. తండ్రి కళ్లజోడు సర్దుకుని ‘జమలు’ నొక్కాడు. పేరు రాసే గడి లేదు, మొత్తం రాసే గడి లేదు, బటనూ లేదు. ఖాళీ బూడిదరంగు పలక ఒక్కటే ఉంది.

“ఏమ్మా, జమ రాసుకునేది ఎక్కడ?”

కోడ్‌లో బటన్ ఉంది. ప్రోగ్రాం ఆగిపోలేదు. తెర మీద ఒక్క ఎర్రక్షరం కూడా రాలేదు. తప్పు జరిగిందని కంప్యూటర్ చెబితే వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. అది ఏమీ అనకుండా ఖాళీ పలక చూపిస్తే కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు దిక్కుతోచక కూర్చుంటారు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసేవాళ్లకు బాగా తెలిసిన చిక్కు ఇది. ముఖ్యంగా ట్యాబ్‌లో ట్యాబ్ పెట్టినప్పుడు ఎక్కువగా ఎదురవుతుంది. దాదాపు ప్రతిసారీ తేలేది ఒకటే: బటన్ ఎక్కడికీ పోలేదు. వేరే చోట ఉంది, లేదా కొలత లేకుండా ఉంది, లేదా దేని వెనకో ఉంది, లేదా ఇంకా పుట్టలేదు. ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకోవడమే అసలు పని.

ఫైళ్ల అంచు నుంచి తెర మీదికి

ట్యాబ్ కంప్యూటర్ కంటే పాతది. కార్డుల గుట్టలో కావలసినది చప్పున దొరికేలా అంచున కాస్త పైకి పొడుచుకొచ్చే ముక్క పెట్టే పద్ధతికి 1897లో అమెరికాలో జేమ్స్ న్యూటన్ గన్ పేటెంట్ పొందాడు. ఆఫీసు ఫైళ్లలో, టెలిఫోన్ డైరీల పక్క అంచుల్లో మనం చూసిన మెట్లు ఆ ఆలోచన కొనసాగింపే. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలయ్యాక అది ఇంటింటి తెర మీదికీ వచ్చింది. దేని మీదైనా కుడి బటన్ నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే పైన ట్యాబ్‌లు వరుసగా కనిపించేవి.

చూసేవాళ్లకు ట్యాబ్ అంటే ఒక పేజీ. ప్రోగ్రాం రాసేవాళ్లకు మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చిన పలకల కట్ట. అన్నీ ఒకే చోట ఉంటాయి, పైకి ఒక్కటే కనిపిస్తుంది. వాటిలో ఒక పలక మీద మళ్లీ ఇంకో కట్ట పెడితే అది ట్యాబ్‌లో ట్యాబ్. అప్పుడు ఒక బటన్ తెర మీదికి రావాలంటే పెద్ద విండో, బయటి ట్యాబ్‌ల పెట్టె, అందులో ఒక పలక, ఆ పలకలో లోపలి ట్యాబ్‌ల పెట్టె, అందులో ఇంకో పలక, ఇవన్నీ సరిగ్గా నిలబడాలి. ఇన్ని అంతస్తుల్లో ఏ ఒక్కటి జారినా దాని లోపలిదంతా కనబడదు. పైగా జారింది ఏ అంతస్తో తెర చెప్పదు. పైనున్న ఖాళీ పలక ఒకేలా ఉంటుంది.

ఆ అమ్మాయి వాడింది పైథాన్‌తో పాటే వచ్చే టీకింటర్. దాని వెనక ఉన్నది టీకే అనే పాత పనిముట్ల సంచి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టీసీఎల్ అనే భాషను తయారుచేసి, దానికి తోడుగా టీకేను రూపొందించాడు. ట్యాబ్‌ల కోసం అందులో వాడే ‘నోట్‌బుక్’ 2007లో వచ్చిన టీకే 8.5తో చేరింది. పైథాన్ నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదట తెరిచే ఐడిల్ ఎడిటర్ కూడా టీకింటర్‌తో రాసిందే. కాబట్టి ఈ ఉదాహరణ ఎక్కువ మందికి పనికొస్తుంది. అయితే జావాలో స్వింగ్ వాడినా, విండోస్ ఫారమ్స్ వాడినా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ఇల్లెక్కడ?

తెర మీది ప్రతి వస్తువుకూ ఒక పేరెంట్ ఉంటుంది. బటన్‌ను తయారుచేసేటప్పుడే అది ఎవరి ఇంట్లో ఉండాలో చెప్పాలి. లోపలి పలకకు చెందాల్సిన బటన్‌కు పేరెంట్‌గా పెద్ద విండో పేరు రాస్తే అది పెద్ద విండోలోనే కూర్చుంటుంది. ట్యాబ్ కింద, విండో అడుగున ఎక్కడో తేలుతుంది. ఏ ట్యాబ్ నొక్కినా అక్కడే ఉంటుంది. ఇది కళ్లకు కనిపిస్తుంది కనుక చాలామంది త్వరగానే పట్టుకుంటారు.

దీనికి ఒక తమ్ముడున్నాడు, చాలా నేర్పరి. టీకింటర్‌లో ఫ్రేమ్ అనే ఖాళీ పలకను తయారుచేసి, అదే వరుసలో చివర ‘ప్యాక్’ అని రాసి, మొత్తాన్ని ఒక పేరుకు అప్పగించడం అలవాటు. చూడ్డానికి పొందికగా ఉంటుంది. కానీ పైథాన్‌లో, వస్తువును చోటులో కూర్చోబెట్టే ‘ప్యాక్’ అనే ఆజ్ఞ తన పని చేస్తుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. అంటే ఆ పేరుకు దక్కింది ఫ్రేమ్ కాదు, ‘నన్’ అనే శూన్యం. తర్వాత ఆ పేరునే పేరెంట్‌గా చూపించి గడులు, బటన్లు తయారుచేస్తే టీకింటర్ తప్పు పట్టదు. పేరెంట్ చెప్పలేదు కాబట్టి పెద్ద విండోయే పేరెంట్ అనుకుని పని కానిస్తుంది. ఫ్రేమ్ మాత్రం లోపలి ట్యాబ్‌లో ఖాళీగా, ఒక్క పిక్సెల్ వెడల్పున మిగిలిపోతుంది.

జావా స్వింగ్‌లో ఇదే కథ ఇంకోలా నడుస్తుంది. 1998లో జావా 2తో ప్రధాన భాగంగా చేరిన స్వింగ్‌లో ఒక వస్తువుకు ఒక్క పేరెంటే ఉండాలన్నది నియమం. ఒకే ‘సేవ్’ బటన్‌ను రెండు ట్యాబ్‌లలోనూ చూపిద్దామని రెండింటికీ చేర్చితే అది రెండోదాంట్లో చేరే ముందు మొదటిదాంట్లోంచి తీసేయబడుతుంది. హెచ్చరిక ఉండదు. ‘మొదటి ట్యాబ్‌లో బటన్ నిన్నటిదాకా ఉంది, ఈరోజు లేదు’ అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. రెండు చోట్లా కావాలంటే రెండు బటన్లు తయారుచేసి, రెండింటికీ ఒకే పని అప్పగించాలి.

సర్దుబాటు చేసేదెవరు?

పేరెంట్ సరైనదే అయినా సరిపోదు. వస్తువును తయారుచేయడం ఒక పని, దాన్ని చోటులో కూర్చోబెట్టడం ఇంకో పని. టీకేలో కూర్చోబెట్టే పద్ధతులు మూడు. ‘ప్యాక్’ అంటే అంచు నుంచి వరుసగా సర్దడం. ‘గ్రిడ్’ అంటే అడ్డం, నిలువు గళ్లలో సర్దడం. ‘ప్లేస్’ అంటే ఇన్ని పిక్సెళ్ల దూరంలో అని వేలు పెట్టి చూపించడం. ఈ మూడింటిలో ఒక్కటీ రాయకపోతే బటన్ జ్ఞాపకంలో ఉంటుంది, తెర మీద ఉండదు. ట్యాబ్‌లో ట్యాబ్ కట్టేటప్పుడు ఎక్కువగా మరిచిపోయేది లోపలి నోట్‌బుక్‌నే. దాని పలకలన్నీ శ్రద్ధగా నింపుతారు, దాన్ని మాత్రం బయటి పలకలో కూర్చోబెట్టరు.

ఒకే ఇంట్లో ప్యాక్‌ను, గ్రిడ్‌ను కలిపి వాడకూడదు. పాత టీకేలో అలా చేస్తే రెండూ ‘నీ కొలత మార్చు, నా కొలత మార్చు’ అంటూ పోట్లాడుకుని ప్రోగ్రాం బిగుసుకుపోయేది. కొత్త వెర్షన్లు ఆ తప్పును వెంటనే చెప్పేస్తాయి. వేర్వేరు పలకలలో మాత్రం వేర్వేరు పద్ధతులు నిక్షేపంగా వాడుకోవచ్చు.

స్వింగ్‌లో విండో లోపలి పలక సాధారణంగా ‘బోర్డర్ లేఅవుట్’ అనే పద్ధతిలో ఉంటుంది. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర, మధ్య అని అయిదు చోట్లు. ఎక్కడ పెట్టాలో చెప్పకుండా వస్తువును చేర్చితే అది మధ్యకు వెళ్తుంది. రెండోది చేర్చితే అదీ మధ్యకే వెళ్తుంది. మధ్య ఒక్కదానికే చోటు కాబట్టి చివరిది మాత్రమే సర్దుకుంటుంది. నాలుగు గడులు చేర్చితే ఒక్కటే కనిపించడం వెనకున్న రహస్యం ఇదే.

కొలతల లెక్క కూడా తెలిసి ఉండాలి. టీకేలో ఫ్రేమ్ తనలో ప్యాక్ చేసినవాటికి, గ్రిడ్ చేసినవాటికి తగ్గట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. ‘ప్లేస్’తో పెట్టినవాటిని మాత్రం లెక్కలోకి తీసుకోదు. అన్నీ ప్లేస్‌తోనే పెట్టిన ఫ్రేమ్ తన లోపల ఏమీ లేనట్టు ముడుచుకుపోతుంది. గ్రిడ్‌లో అడ్డవరుసలకు, నిలువు వరుసలకు ‘వెయిట్’ ఇవ్వకపోతే విండో ఎంత సాగదీసినా లోపలి పట్టిక పెరగదు. నోట్‌బుక్ తన పలకలన్నింటిలో పెద్దదాన్ని చూసి అంత చోటు అడుగుతుంది. అందుకే ఒక ట్యాబ్‌లో ఉన్న పెద్ద పట్టిక వేరే ట్యాబ్‌లోని చిన్న బటన్ బతుకును దెబ్బ తీయగలదు.

పొరల సంగతి ఇంకొంచెం సూక్ష్మం. ఒకే పేరెంట్ కింద ముందు పుట్టిన వస్తువు అడుగున ఉంటుంది, తర్వాత పుట్టింది దాని మీద ఉంటుంది. పెద్ద విండోకు చెందిన బటన్‌ను ముందు తయారుచేసి, తర్వాత తయారైన పలక లోపలికి సర్దమని చెబితే అది సరైన చోటుకే వెళ్తుంది, కానీ పలక వెనక్కి వెళ్తుంది. ‘కనిపిస్తున్నావా?’ అని అడిగితే ‘అవును’ అంటుంది. చూసేవాళ్లకు మాత్రం పలకే కనిపిస్తుంది.

తెలుగు అక్షరం అడిగే ఎత్తు

మన భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. ఇంగ్లిష్ అక్షరాలతో పరీక్షించి బటన్ ఎత్తును పిక్సెళ్లలో బిగించేస్తే, తర్వాత అదే బటన్ మీద ‘రాష్ట్రం’ అనో ‘లక్ష్మి’ అనో రాసినప్పుడు కింది ఒత్తులు తెగిపోతాయి. మన అక్షరానికి తలకట్టు, గుడి ఉండే పైచోటూ కావాలి, ఒత్తులు దిగే కిందిచోటూ కావాలి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్‌కు, విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐ ఫాంట్‌కు కొలతలు ఒకటి కావు. ఒకదానికి సరిపోయిన ఎత్తు ఇంకోదానికి చాలకపోవచ్చు. పైగా ల్యాప్‌టాప్‌లలో తెరను 125 శాతం, 150 శాతం పెద్దది చేసి చూడటం మామూలే. అక్షరాలు పెరిగి, పెట్టెల కొలతలు పెరగకపోతే చివరి బటన్ విండో అంచు దాటిపోతుంది. కొలత మనం బిగించకుండా సర్దుబాటు పద్ధతికి వదిలేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

ఇంకా వేళ కాలేదు

కొన్నిసార్లు చోటూ సరే, కొలతా సరే, సమయం కుదరదు. విండోస్ ఫారమ్స్‌లో ఒక ట్యాబ్ పేజీని మొదటిసారి తెర మీద చూపించేదాకా దాని లోపలి వస్తువులు నిజంగా తయారు కావు. వాటికి కట్టిన డేటా సంబంధాలూ పనిచేయవు. ప్రోగ్రాం మొదలవగానే లోపలి ట్యాబ్‌లోని పట్టికను నింపానని అనుకున్నవాళ్లకు అది ఖాళీగా కనిపించడానికి ఇదొక కారణం.

స్వింగ్‌లో విండో తెరిచాక ఒక పలకకు కొత్త బటన్ చేర్చితే, మళ్లీ సర్దుకొమ్మని ‘రీవాలిడేట్’, మళ్లీ గీసుకొమ్మని ‘రీపెయింట్’ చెప్పాలి. చెప్పకపోతే, విండోను ఒకసారి సాగదీసినప్పుడు ఆ బటన్ ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. స్వింగ్‌లో తెరకు సంబంధించిన పనులన్నీ ఒకే దారం (థ్రెడ్) మీద జరగాలి. ఆ దారాన్ని పెద్ద లెక్కతో పట్టి ఉంచితే పలక సగం గీసి ఆగిపోతుంది. టీకింటర్‌లోనూ అంతే: బటన్ నొక్కగానే పది సెకన్ల పని మొదలుపెడితే ఆ పది సెకన్లూ తెర మీద ఏదీ మారదు.

టీకేలో ట్యాబ్ మారినప్పుడు ఒక కబురు వెలువడుతుంది. ఆ కబురు అందగానే డేటా తెచ్చి నింపేలా రాయడం మంచి పద్ధతే. కానీ లోపలి నోట్‌బుక్‌లో ట్యాబ్ మారితే ఆ కబురు బయటి నోట్‌బుక్‌కు చేరదు. బయటిదానికి మాత్రమే చెవి పెట్టినవాళ్లకు లోపలి ట్యాబ్‌లు ఎప్పటికీ ఖాళీగానే కనిపిస్తాయి. బొమ్మల సంగతి ఇంకోటి. ఒక ఫంక్షన్ లోపల బొమ్మను తెరిచి లేబుల్ మీద పెట్టి, ఆ బొమ్మ రిఫరెన్స్‌ను ఎక్కడా దాచుకోకపోతే, ఫంక్షన్ ముగియగానే పైథాన్ దాన్ని తుడిచేస్తుంది. లేబుల్ ఉంటుంది, బొమ్మ ఉండదు.

పొరలు మితిమీరినా కష్టమే. 64 బిట్ విండోస్‌లో ఒకదానిలో ఒకటిగా పెట్టిన పలకల లోతు ఒక హద్దు దాటితే, విండోను సాగదీసినప్పుడు అట్టడుగున ఉన్నవి తమ కొలత మార్చుకోవు. కొలత మారిందన్న కబురు పేరెంట్ నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి దాని బిడ్డకు దిగుతూ పోతుంది. ప్రతి మెట్టూ ఆపరేటింగ్ సిస్టమ్ కేటాయించిన చిన్న జ్ఞాపకాన్ని కొంత తింటుంది. అది అయిపోయిన మెట్టు దగ్గర కబురు ఆగిపోతుంది, ఎవరికీ చెప్పకుండా. ట్యాబ్, పలక, మళ్లీ ట్యాబ్, మళ్లీ పలక, మధ్యలో విడదీసే గీతలు అంటూ పేర్చుకుంటూ పోయే పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఆ హద్దు అనుకున్నంత దూరంలో ఉండదు.

చిరునామా అడిగితే చాలు

ఎరువుల దుకాణం అమ్మాయి దగ్గరికి మళ్లీ వద్దాం. ఇలాంటప్పుడు చాలామంది కోడ్‌ను పైనుంచి కింది దాకా నాలుగుసార్లు చదువుతారు. తాము రాసిందే కాబట్టి తాము అనుకున్నదే అందులో కనిపిస్తుంది. అంతకంటే ప్రోగ్రాంనే అడగడం మేలు.

మొదటి పని పలకలకు రంగులు వేయడం. బయటి పలకకు పసుపు, లోపలి పలకకు ఎరుపు, గడులుండే ఫ్రేమ్‌కు ఆకుపచ్చ. పసుపు కనిపించి ఎరుపు కనిపించకపోతే లోపలి నోట్‌బుక్‌ను కూర్చోబెట్టడం మరిచారని అర్థం. నోట్‌బుక్‌లాగే టీటీకే అనే భాగానికి చెందిన ఫ్రేమ్‌లు నేరుగా రంగు తీసుకోవు కాబట్టి ఆ పరీక్ష వరకు మామూలు టీకే ఫ్రేమ్ వాడుకోవాలి. ఆ అమ్మాయి ప్రోగ్రాంలో పసుపూ ఎరుపూ కనిపిస్తాయి. ఆకుపచ్చ కనబడదు. అంటే లోపలి పలక దాకా అంతా బాగుంది, తేడా ఆ తర్వాతే.

రెండో పని చిరునామా అడగడం. టీకేలో ప్రతి వస్తువుకూ చుక్కలతో విడదీసిన ఒక దారి పేరు ఉంటుంది. ఊరు, వీధి, ఇంటి నంబరు అన్నట్టు పెద్ద విండో నుంచి ఆ వస్తువు దాకా ఎవరి ఇంట్లో ఎవరున్నారో అందులో వరుసగా ఉంటుంది. బటన్‌ను ప్రింట్ చేయమంటే ఆ చిరునామా తెర మీదికి వస్తుంది. నోట్‌బుక్, ఫ్రేమ్, నోట్‌బుక్, ఫ్రేమ్, ఇంకో ఫ్రేమ్, ఆ తర్వాత బటన్ అని రావాలి. వచ్చింది మాత్రం ఒక చుక్క, పక్కన బటన్ పేరు. అంతే. బటన్ నేరుగా పెద్ద విండోలో కాపురం పెట్టింది.

మరి పెద్ద విండోలోనైనా ఎందుకు కనబడలేదు? విండో కొలతను ఆమె ముందే బిగించింది. అమ్మకాల ట్యాబ్‌లో పాతిక వరుసల పట్టిక ఉండటంతో బయటి నోట్‌బుక్ ఆ ఎత్తంతా తనకే అడిగింది. ప్యాక్ ముందు వచ్చినవాళ్లకు ముందు చోటిస్తుంది, చివరివాళ్లకు మిగిలింది ఇస్తుంది. గడులకు, బటన్‌కు మిగిలింది సున్నా. విండోను పెద్దది చేసి చూస్తే అడుగున, అన్ని ట్యాబ్‌లకూ బయట, పేరు గడి, మొత్తం గడి, ‘జమ చేయి’ బటన్ వరుసగా నిలబడి ఉంటాయి. తప్పు ఒక్క వరుసలో ఉంది. ఫ్రేమ్ తయారుచేయడం, ప్యాక్ చేయడం ఒకే వరుసలో రాసి పేరుకు అప్పగించింది. దాన్ని రెండు వరుసలుగా విడదీయగానే అన్నీ తమ ఇంటికి చేరతాయి.

మిగతా సందేహాలకూ ఇలాంటి ప్రశ్నలే ఉన్నాయి. తెర మీద ఉన్నావా అని, వెడల్పెంత అని, నీ పేరెంట్ ఎవరని టీకింటర్ వస్తువులను అడగవచ్చు. అయితే విండో ఇంకా గీయకముందే వెడల్పు అడిగితే ఒకటి అని చెబుతుంది. చేయాల్సిన పనులు ముగించుకొమ్మని చెప్పి ఆ తర్వాత అడగాలి. స్వింగ్‌లో ఒక పలకను ‘లిస్ట్’ అని అడిగితే దాని లోపలి కుటుంబమంతా కొలతలతో సహా అచ్చవుతుంది. వెడల్పు సున్నా, ఎత్తు సున్నా అని ఉన్న వరుస దగ్గర వేలు పెట్టవచ్చు. అప్పటికీ తేలకపోతే లోపలి పలకను పీకి విడిగా ఒక చిన్న విండోలో తెరవాలి. అక్కడ సరిగ్గా కనిపిస్తే పలకలో దోషం లేదు, దాన్ని పెట్టిన చోటులో ఉంది. ప్రతి ట్యాబ్‌నూ విడి క్లాస్‌గా రాసుకున్నవాళ్లకు ఈ పరీక్ష రెండు నిమిషాల పని.

అసలు లోపలి ట్యాబ్ కావాలా?

విండోస్ ప్రోగ్రాముల కోసం మైక్రోసాఫ్ట్ రాసిన రూపకల్పన సూచనల్లో ట్యాబ్‌లో ట్యాబ్ పెట్టవద్దని స్పష్టంగా ఉంది. ట్యాబ్‌ల సంఖ్య తగ్గించమనో, ఇంకో రకం అమరిక వాడమనో అవి చెబుతాయి. కారణం వాడేవాళ్ల కష్టం. పైవరుస నొక్కితే కిందివరుస మారిపోతుంది. ఇందాక చూసింది ఏ రెండు ట్యాబ్‌ల కలయికలో ఉందో గుర్తుండదు. వాడేవాళ్లకు గందరగోళం కలిగించే లోతే రాసేవాళ్లకు బటన్లను మాయం చేస్తుంది.

ఖాతాల కింద ఉన్న మూడు ట్యాబ్‌ల బదులు ఎడమ పక్కన రైతుల పేర్ల జాబితా ఒకటి పెట్టవచ్చు. పేరు నొక్కితే కుడి పక్కన ఆ రైతు బాకీ, కట్టిన మొత్తాలు, కిందనే ‘జమ చేయి’ బటన్ ఒకే చోట కనిపిస్తాయి. రెండు అంతస్తులు తగ్గిపోతాయి. కౌంటర్ దగ్గర నిలబడ్డ రైతును కాసేపాగమని చెప్పి ట్యాబ్‌లు వెతుక్కునే పని ఉండదు.

కనబడని బటన్ బరువు తెలిసేది అక్కడే. పంట డబ్బు చేతికొచ్చి బాకీ కట్టిన రోజున ఆ జమ ఎక్కకపోతే, కట్టిన మనిషి పేరు మీద బాకీ అలాగే నిలుస్తుంది. ఆరు నెలల తర్వాత ఎవరి మాట నిజమో తేల్చడానికి కాగితం ముక్క కూడా ఉండకపోవచ్చు. అందుకే ప్రోగ్రాంను దుకాణంలో పెట్టేముందు ఆ అమ్మాయి ఒక సాయంత్రం కేటాయించాలి. తండ్రి వాడే పాత ల్యాప్‌టాప్ మీదనే, అక్షరాలు 150 శాతం పెద్దవి చేసి, విండోను చిన్నది చేసి, ప్రతి ట్యాబ్‌నూ ఒక్కొక్కటిగా నొక్కాలి. పేర్ల గడిలో ‘లక్ష్మీనరసమ్మ’ అని రాసి ఒత్తులు తెగకుండా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత కుర్చీ తండ్రికి ఇచ్చి, తాను నోరు మెదపకుండా పక్కన నిలబడి, ఆయన చెయ్యి బటన్ కోసం ఎటు వెళ్తోందో గమనించాలి.